జాంబీలు నవ్వించిన ఊరు

జపాన్ వెళ్లొచ్చామని తెలియగానే అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఫుజీ కొండ చూశారా అని. చూశాం. రెండోది, బుల్లెట్ రైలెక్కారా అని. ఎక్కాం. 'ఇంకా ఏం చూశారు?' అన్నప్పుడే వస్తుంది చిక్కు. 'ఎప్పుడో మూతపడ్డ వాటర్ వర్క్స్ ఒకటి చూశాం, అదీ గేటు బయటి నుంచి' అంటే, ఎదుటివాళ్లు నన్ను వదిలేసి మా ఆవిడ వంక జాలిగా చూస్తారు.

ఆ ఊరి పేరు మితో. టోక్యోకి ఈశాన్యంగా వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం. ఇబరాకి అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. అక్కడికి మమ్మల్ని తీసుకెళ్లింది మా అమ్మాయి. దానికి కారణం ఒక జాంబీల సినిమా. జాంబీలంటే తెలుసుగా? చచ్చి లేచి, చేతులు ముందుకు చాపుకుని, కనపడ్డవాళ్లనల్లా కొరికే శవాలు. మన దగ్గర కూడా 2021లో 'జాంబీ రెడ్డి' వచ్చింది కాబట్టి పిల్లలున్న ఇళ్లలో ఈ మాట కొత్తకాదు.

మా అమ్మాయి, అల్లుడు టోక్యోలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేస్తున్నారు. ఉండేది నిషి కసాయిలో. రెండువేల సంవత్సరం ముందూ వెనకా కంప్యూటర్ పనుల మీద వచ్చిన మనవాళ్లు అక్కడ ఇళ్లు తీసుకోవడంతో ఆ పేట చిన్న ఇండియా అయిపోయింది. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. ఫిబ్రవరి చలికి బయటికి వెళ్లలేక దుప్పట్లో కూర్చున్న ఓ రాత్రి అమ్మాయి టీవీలో ఆ సినిమా పెట్టింది. జపాన్ పేరు 'కామెరా ఓ తొమెరు నా'. అంటే 'కెమెరా ఆపొద్దు' అని. బయటి దేశాల్లో 'వన్ కట్ ఆఫ్ ది డెడ్' అన్నారు.

మొదలైన పది నిమిషాలకే మా ఆవిడ లేచి కూర తరుక్కోవడానికి వెళ్లిపోయింది. తప్పు ఆవిడది కాదు. అంత చెత్తగా ఉంది. ఓ పాడుబడ్డ కట్టడంలో జాంబీ సినిమా తీస్తున్నవాళ్ల మీదికి నిజం జాంబీలు వచ్చి పడతాయి, ఇదీ కథ. నటులు మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగిపోతారు. ప్రాణాల మీదికొచ్చిన వేళ, నీకేం సరదాలున్నాయి అని ఒకరినొకరు అడుగుతారు. సౌండు చూసుకునే మనిషి చెప్పాపెట్టకుండా బయటికి పరిగెడతాడు. ఒకచోట కెమెరా నేలమీద పడి అలాగే ఉండిపోతుంది. కథానాయికకి గొడ్డలి కావాల్సి రాగానే కళ్లెదుటే గొడ్డలి కనపడుతుంది, 'అదృష్టం' అనుకుంటుంది కూడా. ఇదంతా ఎక్కడా కట్ లేకుండా, 37 నిమిషాలు ఒకే షాట్‌లో నడుస్తుంది. ఆ తర్వాత పేర్లు పడిపోతాయి.

'అయిపోయిందా?' అన్నాను ఆశగా.

'ఇప్పుడే మొదలు నాన్నా. అమ్మని పిలువు' అంది.

నిజంగానే అప్పుడు మొదలైంది. కథ ఒక నెల వెనక్కి వెళుతుంది. హిగురాషి అని ఓ చిన్న డైరెక్టరు. త్వరగా తీస్తాను, చవగ్గా తీస్తాను, నాణ్యత ఏదో మాదిరిగా ఉంటుంది అని తనే చెప్పుకునే రకం. కొత్తగా పెడుతున్న జాంబీ చానల్ కోసం అరగంట సినిమాని, ఒకే షాట్‌లో, అదీ లైవ్‌లో తీసిపెట్టమని అతన్ని అడుగుతారు. మనం ఇంతసేపూ చూసి విసుక్కున్నది అదే. మిగతా సినిమా అంతా, ఆ 37 నిమిషాలూ కెమెరా వెనక ఏం జరిగిందో చూపిస్తుంది. సౌండు మనిషి ఎందుకు పరిగెత్తాడు? కెమెరా ఎందుకు నేలమీద పడింది? ఇందాక తప్పు అనుకున్న ప్రతిదాని వెనకా ఎవరో ఒకరు కిందామీదా పడుతుంటారు. తాగి పడిపోయిన నటుణ్ని వెనకనుంచి పట్టుకుని ఆడించేవాళ్లు, నడుం పట్టేసిన కెమెరామన్, రానివాళ్ల వేషాలు తలకెత్తుకున్న డైరెక్టరూ అతని భార్యా... మా ఆవిడ కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. కూర మాడింది.

నేను మాత్రం అంత నవ్వలేదు. ఎందుకంటే మా అమ్మాయి మధ్యలో ఆపి, 'నాన్నా, అచ్చం నీ తలుపు నాటకమే' అంది.

ఆ తలుపు సంగతి చెప్పాలి. బ్యాంకులో పనిచేసే రోజుల్లో మా రిక్రియేషన్ క్లబ్ తరఫున నాటకాలు వేయించేవాణ్ని. తెనాలిలో పుట్టినవాడికి అంతకంటే వేరే జబ్బు ఏముంటుంది? ఓసారి పరిషత్తు పోటీకి వెళ్లాం. ఆఖరి రంగంలో పెద్దకొడుకు 'ఈ గుమ్మం మళ్లీ తొక్కను' అని తలుపు తీసుకుని వెళ్లిపోవాలి. తలుపు రాలేదు. లాగితే గోడ మొత్తం ఊగింది. పాపం ఆ నటుడు అటూ ఇటూ చూసి వంటింటి వైపు నుంచి వెళ్లిపోయాడు. హాలంతా గొల్లుమంది. ముందు వరసలో కూర్చున్న మా అమ్మాయి అందరికంటే గట్టిగా నవ్వింది. దానికప్పుడు తొమ్మిదేళ్లు. ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా ఆ తలుపు సీను చేసి చూపించేది. చుట్టాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. నాటకాలు మాత్రం మళ్లీ వేయలేదు.

'ఆ వాటర్ వర్క్స్ నిజంగా ఉందిట. వెళ్దామా?' అంది. సరేనన్నాను.

శనివారం పొద్దున్నే ఉఎనో స్టేషన్‌లో జోబాన్ లైను ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. గంటా పావు ప్రయాణం. అల్లుడికి ఆఫీసు పని పడటంతో ముగ్గురమే. దిగింది మితోలో కాదు, దానికి ముందున్న కైరాకుయెన్‌లో. ఈ స్టేషన్ భలే తమాషా. ఏడాది పొడవునా రైళ్లు దాని ముందునుంచే వెళతాయి, ఆగవు. ప్లమ్ పూలు పూసే రోజుల్లో, అదీ సెలవు దినాల్లోనే ఆగుతాయి. పైగా టోక్యో వైపు నుంచి వెళ్లే రైళ్లే ఆగుతాయి. తిరుగు రైలెక్కాలంటే మితో దాకా వెళ్లాల్సిందే. వచ్చే రైళ్ల వైపు ప్లాట్‌ఫామే లేదు మరి!

స్టేషన్ పక్కనే తోట. జపాన్‌లో గొప్పవని చెప్పుకునే మూడు తోటల్లో ఇదొకటి. మితో సంస్థానాన్ని ఏలిన తొమ్మిదో ప్రభువు తొకుగావా నరియాకి 1842లో దీన్ని తెరిచాడు. కైరాకుయెన్ అంటే ప్రజలతో కలిసి ఆనందించే తోట అని అర్థం. అప్పటి ప్రభువులు తమ తోటల్లోకి మామూలు జనాన్ని రానిచ్చేవాళ్లు కాదు. ఈయన రానిచ్చాడు. నూరు రకాల చెట్లు, మొత్తం 3 వేల దాకా ఉన్నాయి. సాకురా పూలకున్న పేరు వీటికి లేదుగానీ, ఆ చలిలో ఆకు ఒక్కటి లేని నల్లటి కొమ్మకి తెల్లగా, గులాబీ రంగుగా పూసిన పూలు చూస్తే నాకు ఇవే నచ్చాయి. సాకురాకి వాసన ఉన్నట్టే ఉండదు. వీటికి ఉంది. మా ఆవిడ ఒక్కో చెట్టు దగ్గరా ఆగి వాసన చూస్తుంటే తోట దాటడానికి రెండు గంటలు పట్టింది.

అక్కణ్నించి మితో. స్టేషన్ బయట మూడు కంచు విగ్రహాలు. మధ్యలో గడ్డం ముసలాయన, అటూ ఇటూ ఇద్దరు అనుచరులు. ఆయన పేరు తొకుగావా మిత్సుకుని. పదిహేడో శతాబ్దంలో ఇక్కడి ప్రభువు. జనం పిలిచే పేరు మితో కోమోన్. మారువేషంలో దేశం తిరిగి, అన్యాయం చేసే అధికారుల్ని పట్టుకుని, ఆఖర్న రాజముద్ర ఉన్న చిన్న పెట్టె చూపించగానే అందరూ సాష్టాంగపడే కథలు ఆయన మీద ఉన్నాయి. ఆ కథలతో 1969లో మొదలైన టీవీ సీరియల్ 2011 దాకా నడిచింది. నిజానికి ఆయన అంతగా ఊళ్లు తిరిగిందేం లేదట, కూర్చుని దేశ చరిత్ర రాయించాడట. కథ చరిత్రని మింగేయడం మనకేం కొత్త?

స్టేషన్‌కి రెండోవైపు ఇంకో విగ్రహం ఉంది. మనిషిది కాదు. గడ్డిలో చుట్టిన నాత్తోది! నాత్తో అంటే ఉడకబెట్టి పులియబెట్టిన సోయా గింజలు. ఈ ఊరు దానికి పుట్టిల్లంత పేరు. పుల్లలతో కలిపితే పాకం తీగలా సాగుతుంది. వాసన గురించి చెప్పకపోవడమే మంచిది. మా ఆవిడ ఒక గింజ నోట్లో వేసుకుని, మర్యాద కోసం మింగింది. శాకాహారులకు ఒక మాట. గింజల వరకూ పరవాలేదుగానీ, పెట్టెలో ఇచ్చే చిన్న సాస్ పొట్లంలో సాధారణంగా చేపసారం ఉంటుంది. అడిగి తినండి.

ఇక మేం వచ్చిన పని. కొదోకాన్ అనే పాత విద్యాపీఠానికి దగ్గర్లో నీళ్ల ట్యాంకు ఒకటుంది. ట్యాంకు అంటే మన ఊళ్లలో కాళ్లమీద నిలబడేది కాదు. చిన్నసైజు కోటబురుజులా గుండ్రంగా, కిటికీలతో, చెక్కుళ్లతో 1932లో కట్టారు. ఊరికి కుళాయి నీళ్లు వచ్చిన రోజుల గుర్తు. ఇప్పుడు నీళ్లు లేవు, అయినా పడగొట్టకుండా అపురూపంగా చూసుకుంటున్నారు. ఆ ముచ్చట చూసి టాక్సీ ఎక్కి నాకా నది వైపు వెళితే వాతారి అనే పేట. అక్కడుంది అషియామా నీటి శుద్ధి కేంద్రం. దీని అదృష్టం వేరు. దీన్నీ పడగొట్టలేదు, అలాగని ముస్తాబూ చేయలేదు. సినిమావాళ్లకి ఇస్తారు. టోక్యోకి దగ్గర కావడంతో ఇబరాకిలో షూటింగులు ఎక్కువే. వాటి కోసం ఫిల్మ్ కమిషన్ అని ఓ కార్యాలయమే ఉంది.

మామూలుగా వచ్చినవాళ్లని లోపలికి పోనివ్వరు. కంచె బయట నిలబడ్డాం. చెట్ల మధ్య పాచిపట్టిన సిమెంటు గోడలు. కాకులు. అంతకంటే ఏమీ లేదు. 'దీనికోసమా?' అన్నట్టు చూసింది మా ఆవిడ.

నాకు మాత్రం లోపల మెట్లమీద దబదబా పరిగెత్తే కాళ్ల చప్పుడు వినపడినట్టే ఉంది. ఎందుకంటే ఇక్కడ పరిగెత్తినవాళ్లు పేరున్న నటులు కారు. టోక్యోలో ఎన్‌బు సెమినార్ అని సినిమా, నటన నేర్పే బడి ఉంది. అక్కడ వర్క్‌షాప్‌కి వచ్చిన ఊరూ పేరూ లేని పన్నెండు మందితో 2017లో షినిచిరో ఉయెదా అనే దర్శకుడు ఈ సినిమా తీశాడు. పూర్తి నిడివి సినిమా తీయడం అతనికదే మొదలు. ఎవరి స్వభావం ఎలా ఉందో చూసి దానికి తగ్గట్టు పాత్రలు రాసుకున్నాడు. ఓ నాటక బృందం ప్రదర్శన చూసినప్పుడు పుట్టిన ఆలోచన ఇది. తర్వాత దానిమీద వివాదం వచ్చి, చివరికి ఆ నాటకం వేసినాయన పేరు కూడా మూలకథకుల్లో చేర్చి సర్దుకున్నారు. ఖర్చు 30 లక్షల యెన్లు. అప్పటి లెక్కన మన 17, 18 లక్షల రూపాయలు. మన దగ్గర ఆ డబ్బుకి ఒక పాటకి సెట్టు కూడా రాదు.

ఆ పొడుగు షాట్‌లో ఎవరో ఒకరు తప్పు చేస్తే మళ్లీ మొదటినుంచి. నెత్తురు పూసుకున్న బట్టలు మార్చాలి, ముఖాలు కడగాలి, గోడలు తుడవాలి. అలా మళ్లీ మళ్లీ తీశారు. తీసేటప్పుడు నిజంగా జరిగిన పొరపాట్లు కొన్ని సినిమాలో అలాగే ఉన్నాయి. అంటే మనం తెరమీద చూసే తప్పుల్లో కొన్ని రాసుకున్న తప్పులు, కొన్ని నిజం తప్పులు. ఏది ఏదో మనకి తెలీదు. నాటకాలు వేసినవాణ్ని కదా, నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇంకో సంగతి మా అమ్మాయి కనిపెట్టింది. సినిమాలో సౌండు మనిషి పరిగెత్తింది కడుపు పాడయ్యి. అతనికి మెత్తటి నీళ్లే పడతాయి, ఖనిజాలెక్కువున్న సీసా నీళ్లు తాగేశాడు. 'ఊరందరికీ మంచినీళ్లు ఇచ్చినచోట నీళ్లు పడక బాధపడ్డాడు చూడు' అంది. కంచె పట్టుకుని ఇద్దరం నవ్వుకున్నాం. రోడ్డున పోతున్న ఓ పెద్దావిడ మా వంక చూసి, కారణం తెలిసినట్టే, కొంచెం వంగి నమస్కరించి వెళ్లిపోయింది.

తిరుగు ప్రయాణంలో టోక్యోలో ఇంకో రెండు చోట్లు చూడొచ్చు. మేం మర్నాడు చూశాం. షింజుకులో కేస్ సినిమా అనే చిన్న థియేటరు, మూడో అంతస్తులో. సీట్లు 84. అంతకుముందు ఆ స్థలంలో గూండాల సినిమాలు ఆడే పాత హాలు ఉండేది. మన జాంబీ సినిమాని 2017 నవంబరులో ఇక్కడే ఆరు రోజులు వేశారు. టిక్కెట్లన్నీ అమ్ముడైపోయాయి. 2018 జూన్‌లో ఇక్కడా, ఇకెబుకురోలోని సినిమా రోజాలోనూ, అంటే రెండే రెండు హాళ్లలో అసలు విడుదల. పోస్టర్లకి డబ్బుల్లేవు. చూసినవాళ్లే ఇంకో నలుగుర్ని లాక్కొచ్చారు. కథ మాత్రం చెప్పేవాళ్లు కాదట, 'ఏమీ తెలుసుకోకుండా వెళ్లు' అనేవాళ్లట. అలా 300 పైచిలుకు హాళ్లకి పాకింది. 20 లక్షల మందికి పైగా చూశారు. వసూళ్లు 300 కోట్ల యెన్లు దాటాయి. పెట్టుబడికి వెయ్యి రెట్లు! ఇటలీలోని ఉదినె చిత్రోత్సవంలో ప్రేక్షకులు రెండో బహుమతి ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ఆస్కార్ అందుకున్న దర్శకుడు మిషెల్ హజనావిషియస్ మళ్లీ తీస్తే అది 2022లో కాన్ పండగకి ప్రారంభ చిత్రమైంది.

ఆ రోజుల్లో ఈ సినిమా నచ్చినవాళ్లని జపాన్‌లో 'అంటుకున్నవాళ్లు' అని సరదాగా పిలిచేవారు. రెండేళ్లు తిరక్కుండానే ఆ మాట సరదా కాకుండా పోయింది. 2020లో కరోనా వచ్చి హాళ్లు మూతపడ్డప్పుడు అదే దర్శకుడు అదే నటుల్ని ఎవరింట్లో వాళ్లనుంచి, ఒకరినొకరు కలవకుండానే నటింపజేసి, ఇంకో చిన్న సినిమా చేసి ఉచితంగా చూపించాడు.

సినిమా రోజా 1946 నాటి హాలు. దీని చేయి మంచిదేమో. 2024 ఆగస్టులో ఇంకో చిన్న సినిమా ఈ ఒక్క హాల్లోనే విడుదలైంది. పాతకాలపు సామురాయ్ ఒకడు పిడుగు పడి ఈ కాలపు షూటింగ్ స్పాట్‌లో తేలతాడు. తీసిన యసుదా జునిచి వరి పండించే రైతు కూడా. అదీ నోటిమాట మీదే దేశమంతా ఆడి, 2025 మార్చిలో జపాన్ అకాడమీ ఉత్తమ చిత్రం బహుమతి కొట్టింది. జపాన్ ప్రేక్షకులు ఒకసారి నచ్చితే వదలరు. మన 'బాహుబలి' రెండో భాగాన్ని 2018లో హాల్లో అరుపులు, కేకలతో పదేపదే చూసిందీ, 2022లో వచ్చిన 'ఆర్ఆర్ఆర్'ని నెలల తరబడి ఆడించిందీ వీళ్లే.

మితో నుంచి తిరిగొచ్చే రైల్లోకి మళ్లీ వస్తాను, ఎందుకంటే అసలు సంగతి అక్కడుంది. సినిమాలో ఆ డైరెక్టరుకీ ఒక కూతురుంది. మావో. తండ్రి 'ఏదో మాదిరి' పని ఆమెకి నచ్చదు. ఆఖరి షాట్ తీయాల్సిన క్రేను విరిగిపోతుంది. దాన్ని ఎలా తీశారో నేను చెప్పను, జపాన్ వాళ్లు నన్ను క్షమించరు. తండ్రీ కూతుళ్ల కథ మొత్తం ఆ షాట్‌లోనే ఉంది. ఆ రాత్రి అది చూస్తున్నప్పుడు మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఏమీ అనలేదు.

రైలు కదిలాక అడిగింది. 'నాన్నా, ఆ రోజు తలుపు ఎందుకు రాలేదు?'

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు తెర లేవడానికి ముందే సెట్టుకి వెనక ఊతంగా కొట్టిన చెక్క విరిగింది. ఇంకో చెక్క లేదు, టైము లేదు. మా క్యాషియరు ఒకాయన ఆ గోడని వెనకనుంచి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. నలభై నిమిషాలు. తలుపు తీస్తే గోడ ఆయనమీద పడుతుంది. తీయొద్దని వేలితో గోడమీద తడుతున్నాడట. నటుడు ఆ కంగారులో వినలేదు, ఇంకా గట్టిగా లాగాడు. తెర పడ్డాక ఆయన చేతులు కిందికి దిగలేదు. అలాగే పైకి ఉండిపోయాయి. కుర్చీలో కూర్చోబెట్టి ఉప్మా నేనే తినిపించాను.

మా ఆవిడ కిటికీలోంచి తల తిప్పి, 'ఈ మాట నాకూ చెప్పలేదే' అంది.

'ఆయన ఇప్పుడెక్కడున్నారు?' అడిగింది అమ్మాయి.

'చీరాలలో. రిటైరై చాలా కాలమైంది.'

'ఫోన్ చెయ్.'

జపాన్ రైళ్లలో సీట్లో కూర్చుని ఫోన్ మాట్లాడరు. పెట్టెకీ పెట్టెకీ మధ్యన ఉన్న జాగాలోకి వెళ్లి నిలబడ్డాం, తనూ నేనూ. మన దగ్గర అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. నాలుగోసారి రింగయ్యాక తీశాడు. 'ఎవరూ?' అన్నాడు నిద్రగొంతుతో. అమ్మాయి స్పీకర్ నొక్కింది.

'నేనేరా. చేతులెలా ఉన్నాయి?' అన్నాను.